చాపకు గుర్తింపు సరే, కూలి మాటేమిటి?

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే తెలుగు పాఠకునికి ముందుగా స్ఫురించేది రైలు. 1,072 మీటర్ల పొడవుతో ఒకనాడు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరు మోసిన ప్లాట్‌ఫారం, బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన భారీ వర్క్‌షాపు, ఆ వర్క్‌షాపులో పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివెళ్ళి అక్కడే స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు గుర్తుకు వస్తాయి. ప్లాట్‌ఫారం రికార్డును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటిపోయాయి. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు ఆ ఊరి పేరు మళ్ళీ మన పత్రికలలో వినిపించింది. కాగా, అదే ఖరగ్‌పూర్ సబ్ డివిజన్‌లో రైలు పట్టాలకు దూరంగా ఉన్న సబంగ్ అనే గ్రామీణ బ్లాకు గురించి మాత్రం ఎవరూ పెద్దగా ప్రస్తావించరు.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్ళే మార్గంలో బాలీచక్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే సబంగ్ వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 2.7 లక్షల మంది ఉన్నారు. కేలేఘాయి, కపాలేశ్వరి నదులు తెచ్చిపోసిన ఒండ్రుమట్టి నేల అది. వర్షాకాలంలో ఆ నదులే ముంచెత్తుతాయి. వరితోపాటు అక్కడి రైతులు పండించే మరొక పంట మదుర్‌కాఠీ. పేరు కొత్తగా తోచినా వస్తువు మనకు కొత్తది కాదు. మన చెరువు గట్లనా, కాలవల ఒడ్డునా పెరిగే తుంగకు అది దగ్గరి చుట్టమే. మన పల్లెల్లో తుంగ చాప మీద నిద్రపోని తరం లేదు. ఆ చాపనే సబంగ్ ప్రజలు ఒక కళగా, ఒక జీవనాధారంగా తీర్చిదిద్దుకున్నారు.

మూడు పలకలుగా పెరిగే ఆ కాడను కోసి, నిలువునా చీల్చి, ఎండబెట్టి, కట్టలు కట్టి నిల్వ చేసుకుంటారు. ఒకసారి దుంప నాటితే కొన్నేళ్ళ వరకూ కోతకు వస్తూనే ఉంటుంది. ఒంటి అల్లికతో నేసిన తేలికపాటి చాపను అక్కడ ఏక్‌రొఖా అంటారు. జంట అల్లికతో మందంగా వచ్చేది దొరొఖా. ఇక మూడవది మస్‌లంద్. సింహాసనం అనే అర్థంగల పారసీక పదం మస్‌నద్ నుంచి ఆ పేరు వచ్చింది. దీనికోసం కాడను దారమంత సన్నని పాయలుగా చీల్చాలి, లోపలి బెండును గీకి పారవేయాలి, ఎర్రదనానికి జాఫ్రా గింజలతోనూ నలుపునకు కరక్కాయతోనూ అద్దకం వేయాలి. ఆ తరువాత నేలకు ఆనించి కట్టిన వెదురు మగ్గం మీద నూలు పడుగు సాగదీసి, పాయను పేకగా ఒక్కొక్కటే దూర్చాలి. ఒకరు పాయ అందిస్తుంటే మరొకరు అచ్చు దించి బిగిస్తారు. ఇద్దరు చేయవలసిన పని ఇది. మంచి మస్‌లంద్ ఒకటి దిగాలంటే వారాల తరబడి నడుము వంచవలసిందే. నేత పూర్తయిన చాప పట్టు వస్త్రంలా మడత పడుతుంది. దీనిని వస్త్ర పరిశ్రమలో చేర్చాలా, గడ్డి పనుల్లో చేర్చాలా అన్న సందేహం చూసినవారికి రాదుగాని, ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రం వచ్చింది. ఆ సంగతికి తరువాత వద్దాం.

ఈ చాపకు గౌరవాలకు కొదవలేదు. 2018లో మదుర్‌కాఠీకి భౌగోళిక గుర్తింపు లభించింది. సార్తా గ్రామం వైపు నేత పనితనం పేరు ఢిల్లీ దాకా పాకింది. సబంగ్ స్త్రీలు ఇద్దరికి కేంద్ర ప్రభుత్వం శిల్పగురు పురస్కారం ప్రకటించింది. హస్తకళల రంగంలో అంతకు మించిన పురస్కారం మన దేశంలో లేదు. ఇవన్నీ హర్షించదగినవే. అయితే ఒక్క లెక్క మాత్రం ఏ కార్యాలయంలోనూ ఎవరూ కట్టి చూపినట్టు కనబడదు. అమ్ముడుపోయిన చాప ధరలో నుంచి తుంగ ఖరీదు, నూలు ఖరీదు, రంగు ఖరీదు, దళారి వాటా తీసివేసి, మిగిలిన మొత్తాన్ని ఆ చాప మీద ఇంటిల్లిపాదీ వెచ్చించిన పని గంటలతో భాగిస్తే గంటకు ఎంత గిడుతుంది? ఆ అంకె వ్యవసాయ కూలికి సర్కారు నిర్ణయించిన కనీస వేతనం దరిదాపులకైనా వస్తుందా? చీల్చినవారు ఒకరు, ఎండబెట్టినవారు ఒకరు, నేసినవారు ఇద్దరు. వారిలో అధికులు స్త్రీలు. వంట ముగించుకుని కూర్చుని నేస్తారు గనుక దానిని తీరిక వేళ వ్యాపకమని లోకం అనుకుంటుంది. గంటల తరబడి సాగే పనిని తీరిక అని పిలవడంలోనే కూలి ఎగవేత దాగి ఉన్నది.

కంపెనీ కొఠీలు మూతపడిన నాడు

మేదినీపూర్ జిల్లా వస్త్ర చరిత్ర తెలియనిదే సబంగ్ చాప విలువ అర్థం కాదు. 2002లో రెండుగా చీలక ముందు ఉమ్మడి మేదినీపూర్ ఒక పెద్ద నేత ప్రాంతం. ఉత్తరాన చంద్రకోణ, క్షీర్‌పాయి, రాధానగర్ నూలు బట్టకూ పట్టు బట్టకూ పేరు పొందినవి. క్షీర్‌పాయి, రాధానగర్‌లలో ఈస్టిండియా కంపెనీ కొఠీలు పెట్టి, నేతగాండ్రకు దాదనీ అనే బయానా ముట్టజెప్పి, గుమాస్తాల చేత సరుకు పట్టించుకునేది. ఇటు ఖరగ్‌పూర్‌కు దగ్గరలోని కేశియారిలో టస్సర్ పట్టు నేసేవారు. దాదనీ పుచ్చుకున్న నేతగాడు మరొకరికి అమ్ముకునే వీలులేక నలిగిపోయిన కథలు బెంగాల్ అంతటా ఉన్నాయి. అంతటి పీడన ఉన్నా సరుకు కొనే చేయి ఒకటంటూ ఉండేది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకానికి స్వస్తి చెప్పింది. కొఠీలు మూతపడ్డాయి. అప్పటికే లాంకషైర్ మిల్లు గుడ్డ రేవుల్లో దిగుతున్నది. పీడించిన కొనుగోలుదారు తప్పుకున్నందుకు నేతగాడు సంతోషించే అవకాశం లేకుండా, అసలు కొనుగోలే లేకుండా పోయింది.

ఆ శతాబ్దం చివర ఇదే గడ్డ మీదుగా రైలు వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకుని, పొదలూ పల్లెలూ ఉన్న చోట ఒక పట్టణాన్నే నిలబెట్టింది. రైలు రేవుల నుంచి మిల్లు గుడ్డను లోపలికి మోసింది, లోపలి పల్లెల నుంచి మనుషులను వర్క్‌షాపులకు మోసింది. తీరం వెంబడి తెలుగు జిల్లాలకు పోయే మార్గం కూడా ఆ కంపెనీ చేతికే రావడంతో ఖరగ్‌పూర్ గేట్ల దగ్గర తెలుగు వినబడసాగింది.

ఆ గేట్ల లోపల ఏం జరిగిందో చూస్తే సబంగ్‌కు ఏం కొరవడిందో తెలుస్తుంది. వర్క్‌షాపు కార్మికునికి యజమాని ఎవరో తెలుసు, వేళ తెలుసు, జీతం తెలుసు. 1920ల చివర ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారి వెనుక సంఘం ఉన్నది. ఆ సంఘాన్ని నిలిపినవారిలో మన వి.వి.గిరి ఒకరు. చాప నేసే స్త్రీకి యజమాని కనబడడు. సంతలో బేరమాడే దళారి తాను కూడా పై దళారికి లోబడినవాడినే అంటాడు. సమ్మె కడితే ఎవరి మీద కట్టాలి?

చాప మాత్రం మిగిలింది. 1744లో నవాబు అలీవర్దీఖాన్ మస్‌లంద్ చాపలను సర్కారుకు సరఫరా చేయడం ఈ ప్రాంతపు జాగీర్దార్లకు విధిగా నిర్ణయించాడని చాపల చరిత్ర రాసేవారు తరచూ ఉటంకిస్తారు. నవాబులు పోయినా, కంపెనీ పోయినా చాప నిలిచిందంటే కారణం దాని గొప్పతనం ఒక్కటే కాదు. లాంకషైర్‌కు తుంగ చాప నేసే యంత్రం అక్కరలేకపోయింది. ముడిసరుకు ఇంటి వెనుక పొలంలో పండింది, పని చేసే చేతులకు కూలి లెక్క లేదు. పోటీ లేనంతకాలం ఆ ఏర్పాటు నడిచింది. ప్లాస్టిక్ చాప వచ్చాక నడవడం లేదు. కడిగితే ఆరిపోయేది, రంగు వెలవనిది, తక్కువ ధరకు దొరికేది ప్లాస్టిక్ చాప. బెంగాల్ ఉక్కపోతలో చెమట పీల్చుకుని ఒంటికి చల్లదనం ఇచ్చేది తుంగ చాపే అని అందరికీ తెలుసు. అయినా సంతలో చేయి పోయేది చౌక సరుకు మీదికే.

చట్టానికి చిక్కని మగ్గం

భౌగోళిక గుర్తింపు ఇక్కడ ఏమి చేయగలదు? 1999లో చేసిన ఆ చట్టం పేరు దొంగతనాన్ని అరికడుతుంది. మరొక జిల్లాలో తయారైన చాపను ఎవరైనా మదుర్‌కాఠీ అని అమ్మితే దావా వేయవచ్చు. కానీ ప్లాస్టిక్ చాప తనను తాను మదుర్‌కాఠీ అని చెప్పుకోదు. నేత పనికి అసలు ప్రత్యర్థి అయిన సరుకు ఈ చట్టం పరిధిలోకే రాదు. పైగా ఆ గుర్తింపును వాడుకోవాలంటే నేసేవారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. కాగితాలు, రుసుము, కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. పోచంపల్లి, ఉప్పాడ, మంగళగిరి వంటి పేర్లకు ఈ గుర్తింపు లభించిన తెలుగు ప్రాంతాలకు ఈ అనుభవం కొత్తది కాదు.

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి. నూలు పడుగు, మగ్గం, అచ్చు, పేక అన్నీ ఉన్నా చాప నేసే స్త్రీ ప్రభుత్వ దృష్టిలో చేనేత కార్మికురాలు కాదు, హస్తకళాకారిణి. రెండు శాఖలూ ఒకే జౌళి మంత్రిత్వ శాఖ కింద ఉన్నా కార్యాలయాలు వేరు, పథకాలు వేరు, గుర్తింపు కార్డులు వేరు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో వచ్చిన చట్టంలో చాపకు చోటులేదు. ఆ చట్టం చేనేతను ఎంతవరకు కాపాడిందన్నది వేరే ప్రశ్న. మొదట 22గా ఉన్న రకాలు 11కు కుదించుకుపోయాయి. 2019-20 నాలుగవ చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు ఉండగా, కుటుంబాలలో 66 శాతానికి నెలసరి ఆదాయం 5 వేల రూపాయల లోపే. రక్షణ ఉన్నవారి గతే ఇది. అయితే వారి ఆదాయం ఇంత అని చెప్పడానికి కనీసం గణన ఒకటి ఉన్నది. చాప నేసేవారు ఆ లెక్కలోకి రారు.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఉదాహరణ ఇక్కడ ప్రస్తావనార్హం. ఖరగ్‌పూర్ తెలుగువారిలో ఎందరో బయలుదేరిన జిల్లా అది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, రాట్నం మీద సన్నని నూలు వడికే పొందూరు స్త్రీల పనితనాన్ని గాంధీజీ కాలం నుంచి మెచ్చుకోనివారు లేరు. 1949 నుంచి అక్కడ ఖాదీ కార్మికుల సంఘం ఉన్నది. అయినా కూతురిని రాట్నం ముందు కూర్చోబెట్టడానికి తల్లులు ఇష్టపడకపోవడం ఏళ్ళ తరబడి వినిపిస్తున్న మాట. ఆ తల్లులను నిందించడం సులభం. మెచ్చుకోలు కిరాణా కొట్టులో చెల్లదని వారికి తెలిసినంతగా మెచ్చుకునేవారికి తెలియదు.

స్వీడన్‌లో ఒక తాలూకా

సంపన్న దేశాలలో ఇటువంటి ప్రాంతాలు ఏమయ్యాయని ఎవరికైనా అనిపించవచ్చు. స్వీడన్ పశ్చిమ భాగంలో మార్క్ అనే గ్రామీణ పురపాలక ప్రాంతం ఉన్నది. జనాభా సుమారు 35 వేలు, అంటే సబంగ్‌లో ఎనిమిదో వంతు. సేద్యం ఒక్కటే చాలని రైతులు ఇళ్ళలో బట్ట నేసేవారు, చిల్లర వర్తకులు ఆ బట్టను మూట కట్టుకుని దేశమంతా తిరిగి అమ్మేవారు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో కిన్నా గ్రామంలో కెర్స్టిన్ అనే రైతు గృహిణి ఇంటింటికీ నూలు పంచి, నేసిన బట్ట తీసుకుని, కూలి చెల్లించే పద్ధతిని విస్తరింపజేసింది. మన దాదనీకి అది సవతి చెల్లెలు అనవచ్చు. ఆమె కుమారుడు స్వెన్ ఎరిక్సన్ 1834లో పొరుగునే యంత్రాల నేత మిల్లు స్థాపించాడు, 1853లో రీడాల్‌లో నూలు మిల్లు కట్టించాడు. లాభం కూడబెట్టినవారు ఆ ఊళ్ళలోనే మిల్లులు పెట్టారు. కంపెనీ మేదినీపూర్‌లో కూడబెట్టిన లాభం మేదినీపూర్‌లో ఉండలేదు.

ఆ మిల్లులకూ గడ్డుకాలం వచ్చింది. 1960, 70లలో చౌక దిగుమతుల ధాటికి స్వీడన్ జౌళి రంగం కుప్పకూలింది. రీడాల్ మిల్లు ఇప్పుడు మ్యూజియం. కానీ పక్కనే ఉన్న బోరోస్ నగరంలో జౌళి విద్యకు ఉన్నత విద్యాసంస్థ ఉన్నది, కిన్నాలో తివాచీలు నేసే సంస్థ ఇంకా నడుస్తున్నది, గ్రీన్‌హౌస్‌లకు నీడతెరలు నేసి విదేశాలకు పంపే సంస్థ ఒకటున్నది. అక్కడి కార్మికులకు సంఘం ఉన్నది, ఒప్పందం ప్రకారం వేతనం ఉన్నది. స్వీడన్‌ను చూసి సబంగ్ మిల్లులు కట్టాలని ఎవరూ అనరు. వారి నేల వేరు, వారి చరిత్ర వేరు. మార్క్‌లో వారసత్వం మ్యూజియంలోనూ మిగిలింది, జీతాల పట్టీలోనూ మిగిలింది. రెండవది లేకుండా మొదటి దానికోసమే మన ప్రభుత్వాలు ఉబలాటపడుతున్నాయేమోననిపిస్తుంది.

ధర పెంచితే కొనేవారు ప్లాస్టిక్ వైపు పోతారన్నది అధికారుల వాదన. ఇందులో సగం నిజం లేకపోలేదు. సాధారణ ఏక్‌రొఖా చాప పేదవాడి పడక. దాని ధరను రెండింతలు చేస్తే అది సంతలో నిలవదు. మస్‌లంద్ సంగతి అలా కాదు. దానిని కొనేవారు పడుకోవడానికి కొనరు. కలకత్తా దుకాణంలోనో ఢిల్లీ ప్రదర్శనలోనో కొని గోడకు తగిలిస్తారు. అక్కడ కూలి గిట్టేటట్టు ధర నిర్ణయించడానికి అడ్డు ఏమీ లేదు, ఆ ధరలో నేతగత్తెకు చేరే వాటా ఎంతో చీటీ మీద ముద్రించడానికీ అడ్డు లేదు. రెండు రకాలనూ ఒకే గాటన కట్టి, ఒకే పథకం కింద చేతిసంచులు, దీపాల తొడుగులు, ఫైలు కవర్లు చేయమని శిక్షణలు ఇవ్వడం వలన ఒరిగేది స్వల్పం. ఇన్ని శిక్షణలు పొందిన చేతులకు ఇంకా ఏమి నేర్పాలో శిక్షణ ఇచ్చేవారికైనా తెలుసునా అన్నది అనుమానమే.

సాధారణ చాప నిలబడాలంటే శ్రమ తగ్గాలి, కొనుగోలు పెరగాలి. కాడ చీల్చే పని ఇప్పటికీ కత్తితోనే. ఖరగ్‌పూర్‌లోనే 1951లో ప్రారంభోత్సవం జరుపుకున్న దేశపు తొలి ఐఐటి ఉన్నది. చవకైన చీలిక పరికరం, నడుము వంచకుండా కూర్చుని నేసే మగ్గం, వర్షాకాలంలో బూజు పట్టకుండా కట్టలు నిల్వచేసే కొట్టు, ఇవేవీ ఆ సంస్థ శక్తికి మించినవి కావు. ప్రయోగశాలలో నమూనా తయారు కావడంతో పని ముగియదు. అది సార్తా వాకిట్లో నిలిచి, రెండు వానలకు తట్టుకున్నప్పుడే ముగుస్తుంది.

కొనుగోలు విషయంలో రైల్వేను మించినది లేదు. స్థానిక ఉత్పత్తులకు స్టేషన్లలో చోటు కల్పించే 'ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి' పథకం 2022లో మొదలైంది. ఉద్దేశం మంచిదే. అయితే ప్లాట్‌ఫారం మీద ఒక బల్ల వేసి, రైలు ఆగిన కొద్ది నిమిషాలలో ప్రయాణికుడు ఆరడుగుల చాప చుట్టుకుని ఎక్కాలంటే ఎందరు ఎక్కుతారు? బల్ల కంటే టోకు కొనుగోలు ఉత్తమం. విశ్రాంతి గదులు, శిక్షణ కేంద్రాల వసతి గృహాలు, అతిథి భవనాలు, కార్మికులు భోజన విరామంలో నడుము వాల్చే చోట్లు ఖరగ్‌పూర్ డివిజన్‌లో ఎన్ని ఉన్నాయో రైల్వే లెక్కల్లోనే ఉంటుంది. ఏటా ఇన్ని చాపలు, ఈ ధరకు, దళారి లేకుండా స్త్రీల సహకార సంఘాల నుంచి కొంటామని ఒక్క డివిజన్ మూడేళ్ళ ఒప్పందం రాసిస్తే, ఆ కాగితం చూపి సంఘాలు బ్యాంకు అప్పు తెచ్చుకోగలవు. వరదకు తుంగ చేను మునిగిన ఏడు కూడా పని ఆగదు. ఒకప్పుడు ఇదే రైలు ఈ జిల్లా మగ్గాలకు వ్యతిరేకంగా సరుకు మోసింది. ఇప్పుడు ఎవరి ఆస్తో, ఎవరి డబ్బో కాదు, ప్రజల ఆస్తి, ప్రజల డబ్బు.

ధర మీద బేరం మొదలు కావాలంటే ముందు పని గంటల లెక్క తేలాలి. చేనేతకు గణన జరిపిన జౌళి శాఖకు ఒక్క సబంగ్ బ్లాకులో ఇంటింటికీ తిరిగి ఎవరు ఎన్ని గంటలు చీల్చారు, ఎన్ని గంటలు నేశారు, చేతికి ఎంత వచ్చిందని రాసుకోవడం భారం కాబోదు. ఆ పట్టిక బెంగాలీలో అచ్చువేసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటిస్తే, మరుసటి సంతలో దళారికి ఏం చెప్పాలో సార్తా స్త్రీలకు వేరొకరు నేర్పనక్కరలేదు.